పుస్తకాల అక్కని అడగండి: బాధ అందరికీ ఉంటది, కేసు ఎవరి మీద పడుద్ది?

పోయిన నెల ఇదే పేజీలో 'ది అవుట్‌సైడర్స్' అనే నవల గురించి నాలుగు ముక్కలు రాశా, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు, అందులో సగం పైన ఇంటర్, డిగ్రీ పిల్లలవే, కాబట్టి ఈ నెల వేరే పుస్తకాల ప్రశ్నలన్నీ పక్కనపెట్టి దీని మీదే కూర్చున్నా. చదవనివాళ్ళ కోసం కథ ముందు చెప్పేస్తా, లేకపోతే కింద ఏం మాట్లాడుతున్నామో అర్థం కాదు.

1960ల మధ్యలో అమెరికాలో ఒక ఊరు. తూర్పు వైపు పేద పిల్లలు, జుట్టు పెంచి గ్రీజు పూసి దువ్వుతారని వాళ్ళని గ్రీజర్స్ అంటారు. పడమర వైపు డబ్బున్న పిల్లలు, వాళ్ళు సోషెస్, మస్టాంగ్ కార్లలో తిరుగుతా దారిలో ఒంటరిగా దొరికిన గ్రీజర్ని పట్టుకుని కొట్టడం వాళ్ళకి టైంపాస్. కథ చెప్పేది పోనీబాయ్, పద్నాలుగేళ్ళ పిల్లాడు, అమ్మానాన్న కారు యాక్సిడెంట్‌లో పోతే ఇద్దరు అన్నలతో ఉంటాడు. ఒక రాత్రి పార్కులో సోషెస్ తాగి వచ్చి పోనీబాయ్ తలని ఫౌంటెన్ నీళ్ళలో ముంచి పట్టుకుంటారు, ఊపిరాడక చచ్చిపోతాడని ఫ్రెండ్ జానీ భయంతో కత్తి తీసి బాబ్ అనే కుర్రాణ్ణి పొడిచేస్తాడు, బాబ్ చనిపోతాడు. పిల్లలిద్దరూ పారిపోయి ఒక పాత చర్చిలో దాక్కుంటారు, ఆ చర్చికి నిప్పంటుకుంటే లోపల ఇరుక్కున్న చిన్నపిల్లల్ని వీళ్ళే బయటికి లాగుతారు, ఆ మంటల్లో జానీకి వెన్నెముక విరుగుద్ది. మిగతాది కింద జవాబుల్లో వస్తానే ఉంటది.

అక్కా, నాది బెజవాడ సింగ్ నగర్, ఇంటర్ సెకండియర్. మా కాలేజీలో ఏసీ క్యాంపస్ వేరు, మాది నాన్ ఏసీ. వాళ్ళు కేటీఎంల మీద వస్తారు, మేం సిటీ బస్సు. మా ఏరియా పేరు చెప్పగానే ఒక రకంగా చూస్తారు, ఈ మధ్య ఇన్‌స్టాలో స్టోరీలు పెట్టుకుని కొట్టుకునేదాకా వచ్చింది. మా బ్యాచ్‌లో అందరూ ఆదివారం కలుద్దాం, తేల్చుకుందాం అంటున్నారు. ఎక్కడో అమెరికాలో 60 ఏళ్ళ కిందటి కథ నాకేం పనికొస్తది?

తమ్ముడూ, ముందు ఆదివారం సంగతి. వెళ్ళొద్దు. కారణం పుస్తకంలోంచే చెప్తా, నీతులు చెప్పను.

ఆ నవల్లో కూడా ఇలాంటి ఆదివారం ఒకటి ఉంటది, రెండు బ్యాచ్‌లూ మాట్లాడుకుని, ఆయుధాలు వద్దు, చేతులతోనే అని రూల్ పెట్టుకుని ఖాళీ స్థలంలో కొట్టుకుంటారు. గ్రీజర్సే గెలుస్తారు, సోషెస్ కార్లెక్కి పారిపోతారు. గెలిచిన వెంటనే పోనీబాయ్, డాలీ అని ఇంకో కుర్రాడు ఆ దెబ్బలతోనే హాస్పిటల్‌కి పరిగెత్తి జానీకి చెప్తారు, గెలిచాం రా అని. చావుబతుకుల్లో ఉన్న జానీకి అది అసలు ఆనందమే ఇవ్వదు, కొట్టుకోవడం వల్ల ఒరిగేదేం లేదంటాడు, కాసేపటికే పోతాడు. నాకు ఇంతకన్నా ముఖ్యమైన సీను దానికి ముందే వస్తది. రాండీ అని బాబ్ ప్రాణ స్నేహితుడు, సోష్ కుర్రాడు, పోనీబాయ్‌ని కారులో కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు. నేను ఆ ఫైట్‌కి రావట్లేదు, మీరు మమ్మల్ని కొట్టినా మీరు గెలవలేరు, రేపు పొద్దున మళ్ళీ మీరు కిందే ఉంటారు, మేం పైనే ఉంటాం, అన్ని అవకాశాలూ మాకే ఉంటాయి అని చెప్తాడు. పొగరుగా కాదు, విసిగిపోయి చెప్తాడు. ఫ్రెండ్ చచ్చిపోయాక కళ్ళు తెరుచుకున్నవాడి మాటలవి.

ఆ తర్వాతే ఇంకో మాటంటాడు, చాలామంది దాన్ని పట్టించుకోకుండా పేజీ తిప్పేస్తారు. నా మస్టాంగ్ వేసుకుని, దొరికినంత డబ్బు పట్టుకుని ఈ ఊరు వదిలిపోతానేమో అంటాడు. జానీ, పోనీబాయ్ కూడా ఊరు వదిలిపోయినవాళ్ళే గదా, వాళ్ళెలా పోయారు? డాలీ చేతిలో పెట్టిన 50 డాలర్లతో, గూడ్సు బండెక్కి, పాడుబడిన చర్చిలో నేల మీద పడుకుని. ఇద్దరూ పారిపోవాలనే అనుకున్నారు, ఒకడు పారిపోతే పోలీసులు వెతుకుతారు, ఇంకొకడు పోతే ఇంట్లో బెంగపెట్టుకుంటారు, అంతే.

నీ ఆదివారానికి ఇది పెట్టి చూడు. గొడవైంది, ఎవడికో తల పగిలింది, స్టేషన్‌కి తీసుకెళ్ళారు. వాళ్ళ నాన్నకి తెలిసిన లాయరు అరగంటలో వస్తాడు, ఫోన్లు వెళ్తాయి, పిల్లాడు చదువుకుంటున్నాడండీ అని సర్ది చెప్తారు, రాత్రికి ఇంటికెళ్ళి పడుకుంటాడు. మీ నాన్న ఆ రోజు కూలి పోగొట్టుకుని స్టేషన్ బయట నిలబడతాడు. ఎఫ్ఐఆర్‌లో పేరు ఎక్కితే రేపు పోలీస్ వెరిఫికేషన్ దగ్గరా, గవర్నమెంట్ ఉద్యోగం దగ్గరా ఎన్నేళ్ళు తిప్పుతారో నీకు నేను చెప్పక్కర్లేదు, మీ వీధిలోనే ఎవరో ఒకరు పడి ఉంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు చూశావుగా, వాన ఊరంతా పడింది, రోజుల తరబడి నీళ్ళలో ఉంది మాత్రం సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట. మీ సర్టిఫికెట్లు తడిసినాయి, మీ టీవీలు పోయినాయి. గొడవల్లో కూడా జరిగేది అదే, కొట్టుకునేది ఇద్దరూ, మునిగేది మీ వైపు. నీకు రోషం లేదనీ, ఉండకూడదనీ అనట్లేదు నేను, ఏరియా పేరు విని చూసే ఆ చూపుకి కోపం రాకపోతేనే ఆశ్చర్యం. ఆ కోపం న్యాయమైందే. దాన్ని ఆదివారం ఖాళీ స్థలంలో ఖర్చు పెట్టొద్దు అంటున్నా.

ఇంకొక్క చిన్న విషయం, ఆ పుస్తకంలో మొదటి దాడి చేసినప్పుడు ఒక సోష్ కుర్రాడు వేసుకున్న చొక్కా పోనీబాయ్‌కి ఎప్పటికీ కళ్ళ ముందే ఉంటది, అది నీలం రంగు మద్రాస్ గళ్ళ చొక్కా. ఆ రోజుల్లో అక్కడి డబ్బున్న కాలేజీ పిల్లలకి మద్రాస్ చెక్స్ అంటే పెద్ద ఫ్యాషన్. మన దగ్గర చీరాల వైపు మగ్గాల మీద నేసి, మన తాతలు పొలానికి కట్టుకెళ్ళిన గళ్ళ బట్టే అది. సముద్రం దాటేసరికి పెద్దింటి గుర్తయింది. బట్టలు, బండ్లు, ఏరియా పేర్లు, వీటికి ఉన్న పొగరు ఎక్కడికక్కడ మనుషులు అంటించిందే అని ఆ చొక్కా చూసినప్పుడల్లా నాకనిపిస్తది.

ఈ నవల రాసింది నిజంగా స్కూలు పిల్లేనా? పేరు చూస్తే మగాయన అనుకున్నా. – గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

స్కూలు పిల్లే. ఎస్.ఇ. హింటన్ అంటే సూసన్ ఎలోయిస్ హింటన్, 1948లో ఓక్లహోమా రాష్ట్రంలోని తల్సాలో పుట్టింది, పదిహేనేళ్ళప్పుడు మొదలుపెట్టి పదహారేళ్ళప్పుడు ఎక్కువ భాగం రాసింది, 1967లో వైకింగ్ ప్రెస్ వాళ్ళు వేసేటప్పటికి ఆమెకి 18. ఆడపిల్ల పేరు చూస్తే మగపిల్లల గొడవల గురించి ఈమెకేం తెలుసు అని రివ్యూలు రాసేవాళ్ళు తీసిపారేస్తారేమోనని పబ్లిషర్ వాళ్ళే ఇనీషియల్స్ పెట్టమన్నారు. ఆమె చదివింది తల్సాలోని విల్ రోజర్స్ హైస్కూల్లో, అక్కడ ఈ రెండు రకాల బ్యాచ్‌లూ ఉండేవి. సినిమా చూసి ఇంటికి నడిచొస్తున్న తన ఫ్రెండ్‌ని, గ్రీజర్ లాగా ఉన్నాడని పట్టుకుని కొట్టారట, ఆ కోపంతోనే రాయడం మొదలుపెట్టా అని ఆవిడే చెప్పింది. అది రాస్తున్న ఏడాదే ఆమెకి స్కూల్లో క్రియేటివ్ రైటింగ్‌లో డి గ్రేడ్ వచ్చింది. ఇంటర్ మార్కులు చూసి నాకు రాయడం రాదు అని డిసైడ్ అయిపోయిన పిల్లలు నాకు నెలనెలా రాస్తుంటారు, వాళ్ళందరి కోసం ఈ ముక్క. అప్పటిదాకా టీనేజ్ పిల్లల పుస్తకాలంటే ఎక్కువగా డాన్స్ పార్టీకి ఎవరితో వెళ్ళాలి అనే గొడవలే, తండ్రి కొడితే రాత్రి ఖాళీ స్థలంలో పడుకునే జానీ లాంటివాడు వాటిల్లో దొరికేవాడు కాదు. 1988లో అమెరికాలో టీనేజ్ పాఠకుల రచయితలకిచ్చే మార్గరెట్ ఎడ్వర్డ్స్ అవార్డు పెట్టినప్పుడు మొదటిసారి ఈమెకే ఇచ్చారు.

మేడమ్, మాది మొగల్రాజపురం. నేను రెండో వైపు అమ్మాయిని అనుకోండి, కారు ఉంది, డ్రైవర్ ఉన్నాడు, కాలేజీలో నాకూ ఒక గవర్నమెంట్ స్కూల్ నుంచి వచ్చిన అమ్మాయి ఫ్రెండ్, కానీ మా గ్రూప్ ముందు తనతో మాట్లాడటానికి ఇబ్బందిగా ఉంటుంది. చెర్రీ పాత్ర చదివి ఏడ్చాను. డబ్బున్నవాళ్ళకీ బాధలుంటాయి, అందరం ఒకటే అన్నదే కదా ఈ నవల చెప్పేది? మా ఫ్రెండ్ ఒప్పుకోవట్లేదు.

తల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించా, ఎందుకంటే నువ్వు నిజాయితీగా అడిగావు, జవాబు కూడా అలాగే ఉండాలి. మీ ఫ్రెండే కరెక్ట్ అనుకుంటున్నా నేను.

చెర్రీ సోషెస్ అమ్మాయి, డ్రైవ్ ఇన్ సినిమా దగ్గర పోనీబాయ్‌తో మాటలు కలుస్తాయి. మాకు డబ్బుంది గానీ మా కష్టాలు నువ్వు ఊహించలేవు, కష్టాలు అన్నిచోట్లా ఉన్నాయి అని చెప్తుంది. ఇద్దరూ ఇద్దరి ఇళ్ళ దగ్గర్నుంచీ చూసేది ఒకే సూర్యాస్తమయం అని పోనీబాయ్‌కి తోస్తది. ఇది నిజంగా అందమైన చోటు, నేను కాదనను, లోకంలో ఎన్ని స్కూళ్ళలో ఈ నవల పాఠంగా చెప్తారో అన్నిచోట్లా ఇక్కడే ఆగి అందరం ఒకటే అని బోర్డు మీద రాస్తారు. కానీ రచయిత్రి ఇక్కడ ఆగలేదు. అదే రాత్రి చెర్రీ ఇంకోటి కూడా చెప్తుంది పోనీబాయ్‌కి, రేపు స్కూల్లో వరండాలో ఎదురుపడి నేను హాయ్ చెప్పకపోతే ఏమీ అనుకోకు అని. పోనీబాయ్ అర్థం చేసుకుంటాడు, పద్నాలుగేళ్ళకే. ఆ అర్థం చేసుకోవాల్సిన పని ఎప్పుడూ కిందున్నవాడి మీదే ఎందుకు పడుద్ది? సూర్యుడు ఒకడే, సరే, వరండా మాత్రం రెండు. మీ ఫ్రెండ్ ఒప్పుకోకపోవడానికి కారణం అదే అయ్యుంటది, నువ్వు హాయ్ చెప్పని రోజులు తనకి గుర్తుంటాయి.

బాధ విషయానికొస్తే, బాబ్ సంగతి చూడు. బాబ్ చచ్చిపోయాక రాండీ చెప్తాడు, వాళ్ళమ్మానాన్న వాడికి ఎప్పుడూ వద్దు అని చెప్పలేదు, ఒక్కసారన్నా ఎవరన్నా ఆపాలని వాడు ఎదురుచూశాడు, తాగొచ్చినా తప్పు మాదేనేమో అని వాళ్ళే బాధపడ్డారు అని. ఎంత ఒంటరి పిల్లాడో పాపం. ఆ ఒంటరితనం నిజం, నాకు బాబ్ మీద జాలి ఉంది. అయితే ఆ బాబ్ చేతి ఉంగరాలే అంతకు కొన్ని నెలల ముందు జానీ మొహం చీల్చినాయి, నలుగురు కలిసి కొడితే జానీ ఆ రోజు నుంచీ భయంతో కత్తి పెట్టుకుని తిరిగాడు. జానీని అలా పడేసి వెళ్ళినందుకు ఎవరి మీదా కేసు లేదు, పేపర్లో రాలేదు, కోర్టు లేదు. జానీ కత్తి తీసిన రాత్రికి మాత్రం మర్నాటికల్లా పేపరు, పోలీసు, మనిషిని చంపిన కేసు అన్నీ వచ్చేశాయి. బాబ్ బాధ బయటికొస్తే జానీ మొహం మీద మచ్చ అయింది, జానీ బాధ బయటికొస్తే కేసైంది. రెండూ బాధలే, కానీ వాటిని ఊరు చూసే తీరు ఒకటి కాదు.

డాలీ చావు కూడా ఇలాంటిదే. జానీ పోయాడన్న దుఃఖం తట్టుకోలేక షాపులో దొంగతనం చేసి, గుండు లేని తుపాకీ పోలీసుల ముందు పైకెత్తుతాడు, కాల్చేస్తారు. పదిహేడేళ్ళు. అదే వయసు, అదే దుఃఖం ఉన్న రాండీ వాళ్ళ నాన్న మాటల గురించి ఆలోచించుకుంటున్నాడు, తర్వాత పోనీబాయ్‌ని పలకరించడానికి కూడా వస్తాడు, నాన్నకి తలవంపులు తెచ్చానే అని బాధపడతాడు. అతని బాధ అబద్ధం అని నేననను, అతను బతికి ఉన్నాడు కాబట్టి బాధపడే టైమ్ దొరికింది అంటాను.

చెర్రీలో నాకు నచ్చేది ఆమె కన్నీళ్ళు కాదు. బాబ్ ఆమె బాయ్‌ఫ్రెండ్, చచ్చిపోయింది అతను, అయినా ఆ రాత్రి బాబ్ వాళ్ళు తాగున్నారు, కొట్లాట మొదలెట్టింది మా వాళ్ళే అని నిజం చెప్పడానికి ముందుకొస్తది. తన వైపు వాళ్ళ దగ్గర మాటపడే పని అది. జానీని చూడ్డానికి హాస్పిటల్‌కి మాత్రం వెళ్ళలేకపోతుంది, బాబ్‌ని చంపాడు కాబట్టి, పోనీబాయ్ కోప్పడతాడు, ఆ సీనులో ఇద్దరిదీ నిజమే. నీకు చెప్పేది ఒక్కటే బంగారం, మీ ఫ్రెండ్‌కి మనం ఒకటే అని చెప్పక్కర్లేదు. రేపు క్యాంటీన్‌లో మీ గ్రూప్ మొత్తం ఉన్నప్పుడు తన పక్కన కుర్చీ లాక్కుని కూర్చో. మీ గ్రూప్‌లో ఎవరన్నా వెక్కిరిస్తే, చెర్రీలాగా గట్టిగా అందరి ముందే చెప్పు.

అమ్మా, నేను గుంటూరు కొత్తపేటలో రిటైర్డ్ లెక్చరర్ని. మీరు పోల్చిన పద్ధతి బావుంది గానీ మన దగ్గర బ్యాచ్‌లు డబ్బుతో కాదు కులంతో వస్తాయి. ఆ నవల్లో అదేం లేదు కదా. పోలిక ఎలా కుదురుతుంది?

మాస్టారూ, మీరన్నది నిజం, ఈ పోలిక పూర్తిగా కుదరదు. మన పిల్లల బ్యాచ్‌లలో హీరో అభిమానం పేరుతోనో, ఏరియా పేరుతోనో, పార్టీ జెండాతోనో మొదలైంది గీకి చూస్తే అడుగున కులం ఉంటది చాలాసార్లు. మీ తరం వాళ్ళకి బెజవాడ కాలేజీల్లో 70ల్లో, 80ల్లో స్టూడెంట్ యూనియన్ల వర్గాలు ఎలా పెరిగాయో, 1988 డిసెంబర్ ఆఖరులో ఈ ఊళ్ళో షాపులు ఎలా తగలబడ్డాయో, ఎన్నాళ్ళు కర్ఫ్యూలో ఉన్నామో నేను చెప్పాల్సిన పని లేదు. కాలేజీ గేటు దగ్గర పిల్లల తగువుగా మొదలైంది ఊరి తగువై, పెద్దవాళ్ళ చేతుల్లోకి పోయి, చివరికి ఎవరి ఇళ్ళల్లో శవాలు లేచాయో చూసిన తరం మీది.

అయితే ఆ నవల మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది, మీరు అడిగారు కాబట్టి చెప్తా. హింటన్ ఊరి పేరు చెప్పదు గానీ అది తల్సానే. అదే తల్సాలో 1921 మే 31, జూన్ 1 తేదీల్లో గ్రీన్‌వుడ్ అని నల్లజాతి వాళ్ళు కట్టుకున్న బాగా బతుకుతున్న పేటని తెల్లవాళ్ళ గుంపులు తగలబెట్టేశాయి, దాదాపు 35 బ్లాకులు బూడిదైనాయి. ఈ నవల వచ్చేసరికి అది జరిగి 50 ఏళ్ళు కూడా కాలేదు. నవల్లో దాని నీడ కూడా లేదు, గ్రీజర్సూ తెల్లవాళ్ళే, సోషెస్సూ తెల్లవాళ్ళే. పదహారేళ్ళ పిల్లని తప్పుపట్టలేం, ఆ ఊళ్ళో పెద్దలే ఆ విషయం మీద దశాబ్దాలు నోరు మూసుకున్నారు, స్కూళ్ళలో చెప్పలేదు. కానీ ఈ రోజు చదివేవాళ్ళం మనం గుర్తుపెట్టుకోవాలి, తూర్పు పడమరల కింద ఇంకో గీత ఉంది, అది ఈ పుస్తకం గీయలేదు.

అందుకే మన పిల్లలెవరన్నా బెజవాడ మీదో గుంటూరు మీదో ఇలాంటి నవల రాస్తే కులం పేరెత్తకుండా రాయొద్దని నా కోరిక. డబ్బు ఒక్కటే చెప్తే సగం చెప్పినట్టు. అలాగని కులం ఒక్కటే చెప్పినా సగమే మాస్టారూ, ఒకే కులంలో కూడా లక్ష్మీపురంలో అపార్ట్‌మెంట్ ఉన్న పిల్లాడికీ, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళ పిల్లాడికీ స్టేషన్‌లో దొరికే మర్యాద ఒకటి కాదు. బ్యాచ్‌లో ముందు నడిచేది మొదటివాడు, కేసులో ముందు పేరు రెండోవాడిది, మనవాడే గదా అని వాడే వెళ్ళి ముందు నిలబడతాడు కాబట్టి.

అక్కా, సినిమా ఉందట గదా, అది చూస్తే చాలదా?

1983లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీశాడు. కాలిఫోర్నియాలో ఒక చిన్న స్కూలు లైబ్రేరియన్, పిల్లలు కలిసి ఈ పుస్తకాన్ని సినిమా తియ్యండి అని సంతకాలు పెట్టి ఆయనకి ఉత్తరం రాస్తే, అది చదివి తీశాడు. బావుంటది, చూడు. కానీ పోనీబాయ్ మనసులో మాటలే ఈ పుస్తకానికి ప్రాణం, ముందు పుస్తకం.

అక్కా, నేను ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డులో చేస్తా. నాన్న పోయాక డిప్లొమా మధ్యలో ఆపేశా, తమ్ముణ్ణి చదివిస్తున్నా. వాడు నన్ను చూస్తే శత్రువుని చూసినట్టు చూస్తాడు, చదువు చదువు అని తినేస్తానంట. మీ కాలమ్ వాడే తెచ్చి చూపించాడు, అన్నయ్యా ఈ డారీ నువ్వే అని. డారీ ఎవరు?

డారీ పోనీబాయ్ పెద్దన్న, ఇరవయ్యేళ్ళు. హైస్కూల్లో ఫుట్‌బాల్ టీమ్ కెప్టెన్, ఆట మీద స్కాలర్‌షిప్ కూడా వచ్చింది, అయినా మిగతా ఖర్చుకి డబ్బుల్లేక కాలేజీకి పోలేదు. అమ్మానాన్న పోయాక ఇళ్ళ పైకప్పులు వేసే పనికి వెళ్తాడు, రెండు కట్టలు ఒకేసారి భుజాన మోసుకుని నిచ్చెన ఎక్కుతాడు, త్వరగా అవగొడదామని. పెద్ద తమ్ముడు సోడాపాప్ చదువు మానేసి పెట్రోల్ బంకులో చేస్తాడు, ఇంక మిగిలింది పోనీబాయ్ ఒక్కడు, వాడన్నా చదవాలి. వాడికి కొంచెం మార్కులు తగ్గినా, రాత్రి లేటుగా వచ్చినా డారీకి ప్రాణం పోద్ది, ఎందుకంటే ఏ చిన్న తప్పు జరిగినా గవర్నమెంట్ వాళ్ళొచ్చి నీకు పిల్లల్ని పెంచడం రాదు అని తమ్ముళ్ళని అనాథ హోమ్‌కి పట్టుకుపోతారు. అదే భయం కోపంగా బయటికొస్తది. ఒక రాత్రి పోనీబాయ్ లేటుగా వస్తే చెంప మీద కొడతాడు, పోనీబాయ్ ఇంట్లోంచి పారిపోయి పార్కుకి వెళ్తాడు, ఆ పార్కులోనే బాబ్ చచ్చిపోయింది. ఆ ఒక్క చెంపదెబ్బ నుంచే మొత్తం కథ నడుస్తది తమ్ముడూ, అందుకని చెయ్యి మాత్రం ఎత్తకు, ఎంత కోపం వచ్చినా.

నువ్వు చదవాల్సిన సీను ఒకటుంది. ఆ పెద్ద ఫైట్‌లో గ్రీజర్స్ తరఫున మొదట నిలబడేది డారీ, ఎదురుగా సోషెస్ వైపు నుంచి వచ్చేది పాల్, ఒకప్పుడు ఇద్దరూ ఒకే టీమ్‌లో ఆడినవాళ్ళు. పాల్ ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ చుట్టూ ఒకళ్ళు తిరుగుతుంటే పాల్ కళ్ళలో చిన్నచూపు, డారీ మొహంలో అసూయ, అక్కడ గ్రీజర్స్ తరఫున నిలబడాల్సి రావడం మీద సిగ్గు కూడా ఉన్నట్టు పోనీబాయ్‌కి కనపడతాయి. ఒకే గ్రౌండ్‌లో ఒకే బంతి వెనక పరిగెత్తిన ఇద్దరు రెండేళ్ళలో ఇలా ఎదురెదురుగా నిలబడ్డారు, తేడా ఒక్కటే, ఒకడికి ఫీజు కట్టేవాళ్ళున్నారు. మీ డిప్లొమా బ్యాచ్‌లో వాళ్ళు ఇప్పుడు కారు సర్వీసింగ్‌కి మీ షెడ్డుకే వచ్చినప్పుడు నీకెలా ఉంటదో నాకు తెలుసు అని చెప్పలేను, కానీ డారీకి ఎలా ఉందో ఆ పేజీలో ఉంది.

చివర్లో సోడాపాప్ ఇంట్లోంచి బయటికి పరిగెత్తి ఏడుస్తాడు, మీ ఇద్దరి మధ్యలో నేను నలిగిపోతున్నా, నువ్వు వాడి కష్టం చూడు, నువ్వు వాడి భయం చూడు అని ఇద్దరికీ చెప్తాడు. నీకు మధ్యలో సోడా లేడు, మీరిద్దరే. మరి మీ తమ్ముడు ఆ కాలమ్ నీ చేతిలో ఎందుకు పెట్టాడనుకున్నావు? తిట్టడానికైతే పేజీ తీసుకొచ్చి చూపించడు. ఆ పుస్తకం వాడినే ఇంగ్లీషులో చదివి నీకు రోజుకి పది పేజీలు తెలుగులో చెప్పమను, రాత్రి షెడ్డు నుంచి వచ్చాక, ఇంగ్లీష్ చాలా సింపుల్, వాడికి కష్టమేం కాదు. నువ్వు డిప్లొమా ఎందుకు ఆపావో, నెలకి ఎంతొస్తుందో, ఎంత పోతుందో మాత్రం నువ్వు నోరు తెరిచి వాడికి చెప్పు, డారీ చివరిదాకా చెప్పలేకపోయింది అదే.

మా బాబు ఎనిమిదో తరగతి. ఇందులో సిగరెట్లు, కత్తులు ఉన్నాయట, ఇవ్వొచ్చా? – పటమట నుంచి ఒక తల్లి

ఇవ్వొచ్చమ్మా. పోనీబాయ్ వయసు కూడా ఇంచుమించు మీ బాబు వయసే. సిగరెట్లు, తాగుడు, కత్తి ఉన్నాయి, నిజమే, అమెరికాలో కూడా కొన్ని స్కూళ్ళలో తల్లిదండ్రులు గొడవ చేసి తీయించేశారు. కానీ ఇందులో కత్తి తీసినవాడికి హీరో మ్యూజిక్ ఉండదు, మొహం పాలిపోయి కూర్చుంటాడు, మన పిల్లలు ఫోన్లో రోజూ చూసే దానికన్నా ఇది వెయ్యి రెట్లు నయం. జానీ చనిపోయే చాప్టర్ దగ్గర మీరు కూడా పక్కన కూర్చోండి, ఏడుస్తాడు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడిగితే తెప్పించి పెడతారు, పేపర్‌బ్యాక్ చిన్నదే, 200 పేజీల లోపు. ఒక్క మాట, చదివాక వాడు మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మ్యాన్ కొడుకు గురించి మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాడు, వాడు మా స్కూల్లో ఎందుకు లేడు, మనింటికి ఆడుకోడానికి ఎందుకు రాడు అని. వాటికి జవాబు ఇప్పటి నుంచే ఆలోచించుకోండి.